భార్యకో భర్తకో నడుం నొప్పి, కైరోప్రాక్టర్ దగ్గరకి వెళ్దామా అనుకుంటున్నారా: తరచుగా అడిగే ప్రశ్నలు

రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు, చుట్టాలు, మా ఆయన ప్రెస్సుకి వచ్చేవాళ్లు కలిసినప్పుడల్లా ఇవే అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మా ఆయనకి చిక్కడపల్లిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పేపర్ రీములు ఎత్తడం, దించడం, మెషిన్ దగ్గర గంటలకొద్దీ వంగి నిలబడడం, పైగా రోజూ బండి మీద ఉప్పల్ రోడ్డు గతుకులు. ఒకసారి నడుం పట్టేసి, అది ఎడమ కాల్లోకి లాగి, ప్యాంటు తొడుక్కోవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆర్థోపెడిక్ డాక్టర్, ఫిజియో, కైరోప్రాక్టర్ (అంటే వెన్ను కీళ్లని చేత్తో తోసి కదిలించి నొప్పి తగ్గించేవాళ్లు), అన్నీ అప్పుడే చూశాం. నేను డాక్టర్ని కాదు. ఇంట్లో మనిషికి ఇలా అయితే పక్కనున్నవాళ్లకి ఏం తెలిస్తే పనికొస్తుందో అదే రాశాను, దీన్ని పట్టుకుని డాక్టర్‌కి చూపించడం మానేయకండి.

ఒక్క ముక్కలో చెప్పండి, వెళ్లొచ్చా, వద్దా?

వెళ్లొచ్చు. కానీ ముందు ఒక డాక్టర్ చూసి, ఇది మామూలు నడుం నొప్పే, వెనకాల ఇంకో జబ్బేమీ లేదు అని చెప్పాలి. వెళ్లినా నడుం వరకే చేయించుకోండి, మెడ జోలికి వద్దనండి. అక్కడ కాస్త నొప్పి తగ్గితే ఆ సమయాన్ని నడకకీ వ్యాయామానికీ వాడుకోవాలి, లేకపోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏ లక్షణాలుంటే అస్సలు వెళ్లకూడదు?

ఇది నొప్పి ఉన్న మనిషికన్నా ముందు ఇంట్లోవాళ్లకి తెలియాలి, ఎందుకంటే చాలామంది ఇలాంటివి సిగ్గుతో బయటికి చెప్పరు. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే పడిపోవడం, మలం ఆపుకోలేకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ఎమర్జెన్సీ. వెన్నెముక కింది చివర ఉండే నరాల కట్ట నలిగిపోతోందన్న మాట, డాక్టర్లు కాడా ఈక్వైనా అంటారు. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా, అర్ధరాత్రయినా న్యూరోసర్జన్లు ఉండే ఆసుపత్రికి వెళ్లిపోండి, నిమ్స్‌కో గాంధీకో ఉస్మానియాకో మీకు ఏది దగ్గరైతే అక్కడికి. పాదం పైకి లేవకుండా చెప్పు జారిపోతుంటే, అది ఒక్కటే ఉన్నా సరే, ఆ రోజే చూపించాలి. నేను మా ఆయన్ని సూటిగానే అడిగేదాన్ని, "బాత్రూంకి సరిగ్గా వెళ్తున్నారా, కింద స్పర్శ తెలుస్తోందా" అని. మొదట్లో విసుక్కున్నారు, తర్వాత తర్వాత ఆయనే చెప్పేవారు.

ఇవి కాక నెమ్మదిగా బయటపడేవి కొన్ని ఉన్నాయి. సాయంత్రం పూట సన్నగా జ్వరం, ఆకలి లేకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక టీబీ సంగతి డాక్టర్‌ని తప్పకుండా అడగాలి. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు దాకా మన దేశంలోనే ఉన్నాయి, టీబీ అంటే దగ్గు ఒక్కటే కాదు, వెన్నుపూసల్ని కూడా తినేస్తుంది. అలా గుల్లబారిన పూస మీద ఎవరైనా బలంగా నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, కింద పడ్డాక నొప్పి మొదలైనవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, రక్తం పలచబడే మందుల మీద ఉన్నవాళ్లు, ఎముకలు బోలుగా ఉన్నాయని తెలిసినవాళ్లు కూడా ముందు డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

ఇంకొకటి జనం అసలు పట్టించుకోనిది. వయసు నలభై లోపు, పొద్దున్నే లేచేసరికి నడుం కర్రలా బిగుసుకుపోయి అరగంటకి పైగా వదలదు, తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఇలా నెలల తరబడి ఉంటే అది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. అది రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతం డాక్టర్ చూడాల్సింది, దానికి వేరే మందులుంటాయి. నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. దాన్ని పట్టు అనుకుని మాలిష్‌లతో ఏళ్లు గడిపేసినవాళ్లని చూశాను.

కైరోప్రాక్టర్ అంటే డాక్టరా? ఫిజియోకి, ఆయనకి తేడా ఏంటి?

మన దగ్గర డాక్టర్ అనే అర్థంలో కాదు. ఈ పద్ధతిని 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టారు. వెన్నుపూసలు తప్పుకోవడం వల్లే జబ్బులు వస్తాయని ఆయన నమ్మకం, ఆ సిద్ధాంతానికి సైన్స్ మద్దతు లేదు. కానీ చేత్తో కీళ్లని కదిలించే పని మటుకు నడుం నొప్పికి కొంత పనికొస్తుందని తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలింది. ఈ రెంటినీ కలిపేయకండి. నడుం వరకు ఫర్వాలేదు, అదే చేత్తో షుగర్, థైరాయిడ్, పిల్లల ఆస్తమా తగ్గిస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

అమెరికాలో దీనికి ప్రత్యేక కాలేజీలు, లైసెన్సులు ఉన్నాయి. బ్రిటన్‌లో 1994లో చట్టమే చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పూర్తిస్థాయి కైరోప్రాక్టర్‌కి నాలుగేళ్ల చదువు, 4200 గంటల శిక్షణ ఉండాలి, అందులో 1000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగుల్ని చూడాలి. మన దేశంలో ఎంబీబీఎస్ డాక్టర్లకి ఉన్నట్టు వీళ్లకి ఒక కౌన్సిల్, రిజిస్ట్రేషన్ అంటూ లేవు. డాలస్‌లో ఉన్న మరిది "మా ఇంటి పక్కనే ఉన్నారు వదినా, రెండు సిట్టింగ్‌లలో సెట్ అయిపోయింది" అంటే అక్కడి పరిస్థితి అది, ఇక్కడ బోర్డు మీద అదే పేరున్నంత మాత్రాన అదే చదువు ఉందనుకోలేం. ఇక్కడ చాలామంది నిజానికి బీపీటీ, ఎంపీటీ చేసిన ఫిజియోథెరపిస్టులే, పైన చిన్న కోర్సులు చేసి ఉంటారు. అది తప్పేం కాదు, నాకైతే ఫిజియో చదువు ఉండి చేత్తో కూడా చేసేవాళ్లే నయం అనిపించింది, ఎందుకంటే వ్యాయామం కూడా వాళ్లే నేర్పిస్తారు.

పుత్తూరు కట్టు, పహిల్వాన్ మాలిష్ లాంటిదే కదా ఇదీ?

కాదు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకి వేసేది. పాతబస్తీ పహిల్వాన్లది బెణుకులు, మాలిష్. డిస్క్ నొప్పికి, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలాగా ఉండే డిస్క్ వల్ల వచ్చే నొప్పికి, ఈ రెండూ కావు. మా అత్తగారి ఊళ్లో అయితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందంటారు, మా ఆయన్ని కూడా ఒకావిడ దగ్గరకి తీసుకెళ్లమని ఫోన్ మీద ఫోన్. అత్తగారు మంచి మనసుతోనే అన్నారు. కానీ కాల్లోకి లాగుతున్న నొప్పి ఉన్న మనిషి నడుం మీద కాలు వేయడం ప్రమాదం, నేను ఒప్పుకోలేదు.

మా ఆయన బోర్లా పడుకుని "తొక్కవే" అంటారు. తొక్కొచ్చా?

వద్దమ్మా. పిల్లల చేత కూడా తొక్కించొద్దు. వేడి నీళ్ల కాపడం పెట్టండి, అరచేత్తో నూనె రాసి నెమ్మదిగా రుద్దండి. ఏ నూనె అన్నది పెద్ద విషయం కాదు, మీ ఇంట్లో ఉన్న కొబ్బరినూనెలో కర్పూరం వేసుకున్నా చాలు. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేస్తే హాయిగా ఉంటుంది, హాయినిచ్చేది ఎక్కువగా ఆ వేడే.

అసలు అక్కడ ఏం చేస్తారు?

మేము వెళ్లిన చోట మొదట చాలాసేపు ప్రశ్నలే. నొప్పి ఎక్కడ, కాల్లో ఎంతవరకు దిగుతోంది, దగ్గితే పెరుగుతోందా. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకి లేపి చూశారు, బొటనవేలు పైకి పట్టుకోమని దాన్ని కిందికి నొక్కి బలం చూశారు, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. ఇదంతా చేయకుండా నేరుగా టేబుల్ ఎక్కించేవాళ్లయితే నేను అక్కడ ఉండమని చెప్పను.

ఆ తర్వాత పక్కకి తిప్పి పడుకోబెట్టారు, పైకాలు మడిచి, భుజాన్ని వెనక్కి, తుంటిని ముందుకి తిప్పుతూ ఇక కదలదన్న చోట ఆపి, ఊపిరి వదలమని, వదులుతుండగా ఒక చిన్న వేగమైన తోపు. రెప్పపాటు పని. టప్‌మని చప్పుడు. నేను గది మూలలో కుర్చీలో కూర్చుని ఉన్నా వినిపించింది. కొన్నిచోట్ల మధ్యలో టక్‌మని కాస్త కిందికి దిగే టేబుల్ ఉంటుంది, దాని మీద అయితే మెలితిప్పడం తక్కువ, భయపడేవాళ్లు అది అడగొచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ గదిలో ఉంటామని చెప్పండి, మంచివాళ్లెవరూ కాదనరు.

ఆ టప్‌మనే చప్పుడు ఎముక చోటుకి వచ్చిన చప్పుడేనా?

కాదు. కీలు మధ్యలో జిగురులాంటి ద్రవం ఉంటుంది, కీలు ఒక్కసారిగా సాగినప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి గాలి బుడగ ఏర్పడుతుంది, ఆ చప్పుడు అది. 2015లో కెనడాలో వేలి కీళ్లు విరుస్తూ ఎమ్మారైలో చూసి ఇది చెప్పారు. ఎముకేదీ తప్పుకోలేదు, చోటుకి రాలేదు. జారిన డిస్క్‌ని ఎవరూ చేత్తో లోపలికి తోయలేరు. చప్పుడు రాలేదని మళ్లీ మళ్లీ చేయించుకోవద్దు, చప్పుడుకీ నొప్పి తగ్గడానికీ సంబంధం లేదు.

మరి నిజంగా తగ్గుతుందా?

కొంత. అద్భుతాలు జరగవు. 2019లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో రోగుల మీద చేసిన 47 ట్రయల్స్, 9 వేలకి పైగా రోగుల వివరాలు కలిపి చూశారు. పాతబడిన నడుం నొప్పికి ఈ చేతి వైద్యం, వ్యాయామంలాంటి మామూలుగా సిఫార్సు చేసే వైద్యాలతో దాదాపు సమానంగా పనిచేస్తుందని తేలింది. అంటే వాటికన్నా గొప్పా కాదు, తీసిపారేసేదీ కాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2017లో, కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కన్నా ముందు కాపడం, మసాజ్, ఈ చేతి వైద్యం లాంటివి చూడమంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ మాత్రం ఇది ఒక్కటే చేయొద్దు, వ్యాయామంతో కలిపితేనే చేయండి అంది. నాకు ఈ మాటే సరైనదనిపిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వ్యాయామం, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడం, చేతి వైద్యం, మసాజ్ ఉపయోగపడొచ్చు అన్నవాటిలో ఉన్నాయి. మామూలుగా వాడొద్దు అన్నవాటిలో ఏమున్నాయో చూడండి: నడుం బెల్టు, బరువు కట్టి నడుం లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ మెషిన్, కరెంటు పెట్టే టెన్స్. మన వీధి చివర ఫిజియో సెంటర్లలో రోజూ గంటసేపు ఇచ్చేవి సరిగ్గా ఇవే. పడుకోబెట్టి మెషిన్ తగిలించి వెళ్లిపోతే వాళ్లకి పని సులువు, వ్యాయామం నేర్పించాలంటే పక్కన నిలబడాలి. మీరు వెళ్లే చోట మనిషి మీతో ఎంతసేపు ఉంటున్నారో గమనించండి.

మా ఆయనకైతే నడుం బిగుతు త్వరగానే వదిలింది, కాల్లోకి లాగడం మాత్రం నెలల మీద నెమ్మదిగా తగ్గింది. కాల్లోకి దిగే నొప్పికి ఈ పద్ధతి మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని నా సలహా.

ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ అని వచ్చింది. భయంగా ఉంది.

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. నడుం కింది భాగంలో నాలుగో, ఐదో పూసల మధ్య ఉన్న డిస్క్ కాస్త బయటికి ఉబ్బిందని దాని అర్థం, అంతే. నొప్పి అసలు లేని మనుషుల స్కాన్లు 3 వేలకి పైగా కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. అందులో 20 ఏళ్ల వయసు వాళ్లలో 30 శాతానికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతానికి, 80 ఏళ్ల వాళ్లలో 84 శాతానికి డిస్క్ బల్జ్ కనిపించింది. వాళ్లెవరికీ నొప్పి లేదు! తలలో తెల్లవెంట్రుకల్లా వయసుతో వచ్చే మార్పులు చాలా ఉంటాయి, రిపోర్టులో అవన్నీ పెద్ద పెద్ద మాటల్లో రాస్తారు. స్కాన్‌లో ఉన్నదీ, ఒంట్లో ఉన్న నొప్పీ, డాక్టర్ పరీక్షలో కనిపించిందీ మూడూ కలిస్తేనే దానికి అర్థం.

నిజంగా డిస్క్ జారి నరం మీద పడినా, చాలామందిలో అది కొన్ని నెలల్లో దానంతట అదే కుంచించుకుపోతుంది. ఇది మాకు చెప్పిన డాక్టర్‌కి నేను జీవితాంతం రుణపడి ఉంటాను, ఎందుకంటే ఆ రాత్రి మా ఆయన చాలాకాలం తర్వాత నిద్రపోయారు.

మొదటి వారంలోనే ఎమ్మారైకి పరిగెత్తాల్సిన పని లేదు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలుంటేనో, ఆరు వారాలైనా తగ్గకపోతేనో, ఆపరేషన్ ఆలోచన ఉంటేనో తీయిస్తారు.

సిట్టింగ్ తర్వాత నొప్పి పెరిగింది. ఏదైనా తేడా చేశారా?

ఒకరోజు ఒళ్లు నొప్పులు, సలుపు, అలసట మామూలే, దాదాపు సగం మందికి ఉంటుంది. రెండో రోజుకి తగ్గాలి. తగ్గకుండా కాల్లోకి కొత్తగా దిగినా, తిమ్మిరి ముందుకన్నా కిందికి పాకినా, బలం తగ్గినా మళ్లీ అక్కడికి వెళ్లకండి, డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

మెడ కూడా విరుస్తామంటున్నారు. రీల్స్‌లో చూస్తే భలే ఉంటుంది.

నేను గట్టిగా వద్దంటాను. మెడలో వెన్నుపూసల గుండా మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనులు పైకి పోతాయి. మెడని ఒక్కసారిగా తిప్పడం వల్ల ఆ ధమని గోడ చిరిగి, రక్తం గడ్డ కట్టి, పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అరుదే, కానీ వచ్చిందంటే మనిషి మంచాన పడతాడు. నడుం నొప్పికి వెళ్లిన మనిషి మెడ తిప్పించుకోవాల్సిన అవసరం ఏముంది? గడ్డం కింద పట్టీ వేసి తలని గుంజే వై స్ట్రాప్ అయితే చూస్తేనే నాకు గుండె ఆగిపోతుంది. టేబుల్ ఎక్కక ముందే స్పష్టంగా చెప్పండి, "మెడ ముట్టుకోవద్దు" అని. ఎప్పుడైనా మెడ చేయించుకున్నాక కళ్లు తిరగడం, మాట తడబడడం, రెండుగా కనిపించడం, నడక తూలడం ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

ప్యాకేజీ తీసుకోమంటున్నారు, ఇప్పుడే కడితే డిస్కౌంట్ అట.

కట్టొద్దు. మేము మొదట వెళ్లిన ఒక సెంటర్‌లో ఎక్స్‌రే తీసి, వెన్నెముక వంకర పోయిందని స్క్రీన్ మీద ఎర్ర గీతలు గీసి చూపించి, వెంటనే మొదలుపెట్టకపోతే నడవలేరని, నెలల ప్యాకేజీ చేతిలో పెట్టారు. మా ఆయన ముఖం పాలిపోయింది. నొప్పితో ఉన్న మనిషిని భయపెట్టి డబ్బు కట్టించుకోవడం చూస్తే నాకిప్పటికీ కోపం వస్తుంది. ఫైల్ తీసుకుని బయటికి వచ్చేశాం. సిట్టింగ్‌కి సిట్టింగ్ డబ్బు తీసుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నాలుగైదు సార్లకి ఏ మాత్రం తేడా కనిపించకపోతే ఈ దారి మీ మనిషికి పడలేదని అర్థం, ఆపేయండి. తగ్గాక కూడా "మెయింటెనెన్స్" పేరుతో నెలనెలా రమ్మంటే, ఆ డబ్బుతో ఒక మంచి జత బూట్లు కొనండి, నడవడానికి.

ఖర్చు ఎంత? ఇన్సూరెన్స్ వస్తుందా?

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఒక రేటు, మన ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇంకో రేటు. మా దగ్గర సిట్టింగ్‌కి 1500 తీసుకున్నారు. మామూలు హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఇలా వచ్చిపోయే వైద్యానికి ఇవ్వవు, ఓపీడీ కవర్ విడిగా ఉంటే అడిగి చూడండి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మొహమాటం లేకుండా చెప్తున్నా, ముందు డాక్టర్ ఫీజుకి, తర్వాత వ్యాయామం నేర్పించే ఫిజియోకి పెట్టండి, కైరోప్రాక్టర్ ఆ తర్వాతే.

మంచివాళ్లని ఎలా గుర్తుపట్టాలి?

ఏం చదివారో, ఎక్కడ చదివారో అడగండి, చిరాకుపడితే అదే జవాబు. పాత రిపోర్టులు, వాడుతున్న మందులు చూస్తారా, కాళ్ల బలం, స్పర్శ పరీక్షిస్తారా, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి ఒప్పుకున్నాకే చేస్తారా, ఇంటి దగ్గర చేయడానికి వ్యాయామం ఇస్తారా చూడండి. ఇది నా పరిధి కాదు, డాక్టర్‌కి చూపించండి అని ఎప్పుడైనా అన్నవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. గూగుల్ స్టార్లు, వీడియోలో చప్పుళ్లు చూసి వెళ్లకండి. ఇంకో సంగతి, ఇల్లు ఉప్పల్‌లో, సెంటర్ హైటెక్ సిటీలో అయితే ఆ ట్రాఫిక్‌లో బండి మీద వెళ్లొస్తే తగ్గిన నొప్పి మళ్లీ వస్తుంది. నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్లండి, మధ్యలో లేచి నిలబడుతూ ఉండొచ్చు.

నొప్పి మా ఆవిడకి. ఆడవాళ్లకి వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, మన దగ్గర మరీనూ. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే, అదీ చాలామందికి చిన్న వయసులోనే. అండాశయాలు కూడా తీసేసినా, ముట్లు త్వరగా ఆగిపోయినా ఎముకలు తొందరగా గుల్లబారతాయి. అలాంటివాళ్ల నడుం మీద బలప్రయోగం చేసే ముందు డెక్సా స్కాన్ తీయించి ఎముకల గట్టిదనం చూసుకోవాలి, విటమిన్ డి కూడా. గర్భిణి అయితే గైనకాలజిస్ట్‌ని అడగకుండా ఎక్కడికీ వద్దు. ఇక రోజూ బిందెలు, గ్యాస్ సిలిండర్, తడి బట్టల బకెట్ ఎత్తేది ఆవిడే అయితే, వైద్యం మీ ఇంట్లో మొదలవ్వాలి బాబూ, ఆ పనులు మీరు తీసుకోండి.

పూర్తిగా రెస్ట్ తీసుకోవాలా? నేల మీద పడుకోవాలా?

మరీ భరించలేని నొప్పి ఉంటే ఒకటి రెండు రోజులు, అంతే. ఆ తర్వాత పడుకున్నకొద్దీ కండరాలు నీరసించి నొప్పి ఇంకా పాతుకుపోతుంది. నేల మీద చాప వేసుకుని పడుకోవాలన్న నియమం లేదు, లేచేటప్పుడు అవస్థ కూడా. మరీ కుంగిపోయే పరుపు కాకపోతే చాలు. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వేస్తూ చేత్తో తోసుకుని లేవాలి. ఇది మా ఆయనకి ఫిజియో నేర్పించారు, పొద్దున లేచేటప్పుడు వచ్చే ఆ మూలుగు చాలావరకు ఆగింది.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకుంటున్నారు, ఫర్వాలేదా?

కొన్నాళ్లపాటు డాక్టర్ చెప్పిన మోతాదులో అయితే ఫర్వాలేదు. సొంతంగా నెలల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీలకి దెబ్బ, బీపీ పెరగడం. షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు అసలు అడగకుండా వేసుకోకూడదు. పారాసెటమాల్ నడుం నొప్పికి పెద్దగా పనిచేయదని 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ చెప్పింది, కాబట్టి అది పనిచేయలేదని మోతాదు పెంచుకుంటూ పోవద్దు.

ఇంట్లో ఏం చేయాలి మరి?

నడక. నాకు తెలిసినంతలో ఇంతకన్నా చవకైన మందు లేదు. 2024లో లాన్సెట్‌లో ఆస్ట్రేలియా వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది, నడుం నొప్పి తగ్గిన మనుషుల్లో కొందరికి ఫిజియో సాయంతో నడక కార్యక్రమం ఇచ్చి, కొందరిని మామూలుగా వదిలేశారు. మామూలుగా వదిలేసినవాళ్లకి సగటున 112 రోజుల్లో నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్లకి 208 రోజులు పట్టింది. మొదట ఇంటి ముందు ఐదు నిమిషాలు చాలు, ఓర్చుకోగలిగినంత. తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. మా ఆయనా నేనూ రామంతాపూర్ చెరువు వైపు నడిచేవాళ్లం, నేను పక్కన ఉంటే ఆయన మానేయరు, నాకూ షుగర్ అదుపులోకి వచ్చింది.

నడకతో పాటు ఫిజియో చూపించే వ్యాయామాలు, చేతులూ మోకాళ్ల మీద నిలబడి ఎదురుగా ఉన్న చెయ్యీ కాలూ చాపడం లాంటివి. యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి, ఒకరికి ముందుకి వంగితే హాయి, ఇంకొకరికి వెనక్కి వంగితే హాయి, మీ మనిషి ఏ రకమో చూసేవాళ్లు చెప్పాలి. కాల్లో నొప్పి నడుం వైపు పైకి వెళ్తుంటే మంచి సూచన, పాదం వైపు దిగుతుంటే ఆ వ్యాయామం ఆపేయాలి.

చిరాకు, కోపం, ఎవరితోనూ మాట్లాడరు. ఎలా వేగేది?

నొప్పి రోజుల తరబడి ఉంటే నిద్ర పోతుంది, నిద్ర లేకపోతే ఎవరికైనా చిరాకే, ఆ చిరాకు వల్ల నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. వ్యాపారం ఆగిపోతుందేమోనన్న దిగులు ఒకటి. గంటకోసారి "ఎలా ఉంది, ఎలా ఉంది" అని అడగకండి, ఆ ప్రశ్నకే వాళ్లకి నొప్పి గుర్తొస్తుంది. అలాగని అన్నీ మీరే చేసి మంచం మీద కూర్చోబెట్టకండి, చేయగలిగిన పని చేయనివ్వండి. మా ఇంట్లో బరువులు ఎత్తే పని కుర్రాడికి అప్పగించి, ప్రూఫులు చూసే పని, లెక్కల పని ఆయన చేశారు, మధ్యమధ్యలో లేచి తిరుగుతూ. ప్రెస్సుకి వెళ్లడం మొదలయ్యాకే మనిషిలో మళ్లీ కళ వచ్చింది. రాత్రిళ్లు దిగులు మరీ ఎక్కువైతే డాక్టర్‌తో ఆ మాట కూడా చెప్పండి.

అడగాలంటే సిగ్గుగా ఉంది, భార్యాభర్తల సంబంధం ఆపేయాలా?

ఇందులో సిగ్గేం లేదండి, చాలామంది నన్ను పక్కకి పిలిచి మరీ అడిగేది ఇదే. ఆపాల్సిన పని లేదు. నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రోజులు వదిలేసి, తర్వాత నొప్పి ఉన్న మనిషికి నడుం మీద భారం పడకుండా పక్కకి తిరిగి పడుకునే పద్ధతి చూసుకోండి. ఎక్కడ నొప్పి వస్తుందో నోరు విప్పి చెప్పుకుంటే సగం ఇబ్బంది పోతుంది. నొప్పి కాకుండా స్పర్శే తెలియడం లేదంటే మాత్రం అది వేరే సంగతి, పైన రాసిన ఎమర్జెన్సీ లక్షణం అది.

ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు కైరోప్రాక్టర్‌ని ప్రయత్నించొచ్చా?

ఎందుకు ఆపరేషన్ అన్నారన్నదాన్ని బట్టి. కాలు బలం రోజురోజుకీ తగ్గుతోందనో, మూత్రం సమస్య అనో చెప్తే ప్రయోగాలు చేసే టైమ్ కాదు అది, ఆలస్యం చేయొద్దు. నొప్పి ఒక్కటే కారణమైతే తొందర లేదు, ఇంకో న్యూరోసర్జన్‌నో స్పైన్ సర్జన్‌నో కలిసి రెండో అభిప్రాయం తీసుకోండి, స్కాన్ ఫిల్మ్‌లు కూడా పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. ఇద్దరూ ఆగొచ్చంటే ఆ వ్యవధిలో వ్యాయామం, నడక చూడండి. చేతి వైద్యం కూడా చేయించాలనుకుంటే, డిస్క్ పెద్దగా జారి ఉందని స్కాన్‌లో ఉన్నప్పుడు సర్జన్‌నే అడగండి, నడుం మెలితిప్పే పద్ధతి ఫర్వాలేదా అని. వద్దంటే వద్దు. కొందరికి నిజంగా ఆపరేషనే దారి, కాల్లో నొప్పి దానితో త్వరగా తగ్గుతుంది కూడా, అలాంటప్పుడు భయంతో వాయిదా వేయకండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్‌కి వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.